చప్పట్లు కొట్టాకే

“అక్కా, నువ్వు లోపలికి పోతవా, నన్ను పోనిస్తవా?” అంది నర్సు, చేతిలో సూదుల ట్రేతో.

సరోజన పక్కకు జరిగింది. జనగామ దవాఖానలో ఆడవాళ్ల వార్డు గుమ్మానికి ఆమె చాలాసేపటి నుంచీ అడ్డంగా నిలబడి ఉంది. సమ్మె శిబిరంలో మైకు పట్టిందంటే సగం ఊరికి వినపడే గొంతు ఆమెది.

చేతిలో టిఫిను డబ్బా. పొద్దున భర్త ఉప్పలయ్యే కోడిగుడ్లు తెచ్చి, “వండి ఆ పిల్లకు తీస్కపో” అన్నాడు. తెలంగాణ సమ్మెతో బస్సులు ఆగిన నాటి నుంచి జీతం లేని డ్రైవరు; రోజూ డిపో దగ్గర శిబిరానికని వెళ్తాడు. తను పనిచేసే పత్తి జిన్నింగు మిల్లులో ఆ పిల్ల చెయ్యి నలిగిందని తెలిసి, సరోజన తను చేసిన పాపం ఆయనతో చెప్పుకుని ఏడ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. పైగా ఆ రోజు నుంచి ఆయనకే ముద్ద దిగడం లేదు. అంత మంచివాణ్ణి కూడా తన తప్పుతో కుమిలేలా చేశానని ఆమెకు మరింత సిగ్గుగా ఉంది.

చివరి మంచం మీద రామి. కుడి చేతికి కట్టు. బొటనవేలు తప్ప మరేమీ బయటికి కనపడడం లేదు.

“ఎవలక్కా నువ్వు?”

“మిల్లు గేటు కాడ టెంటుల కూసునేదాన్ని. మొదటి దినం నన్నే అడిగినవు, యాదుందా? ‘అక్కా, మిషిన్ కాడ ఏమన్న భయముంటదా, జర చెప్పరాదు’ అని.”

“యాదుంది. మొకం తిప్పుకున్నవు.”

అవును, తిప్పుకుంది. తెలంగాణ కోసం పని బందు పెట్టి తామంతా రోడ్డున కూర్చుంటే, సేటు ఎక్కడెక్కడి నుంచో కొత్త కూలీలను తెచ్చి దింపాడు. మొహాలకు తువ్వాళ్లు చుట్టుకుని, తల వంచుకుని లోపలికి పోయేవాళ్లు. వాళ్లను చూస్తే సరోజనకు ఒళ్లు మండేది. “మన నోటికాడి కూడు గుంజుకునేటోళ్లకు మనమే పని నేర్పాల్నా? ఎవ్వలు నోరిప్పద్దు” అని అందరికీ కట్టడి చేసింది తనే. చేసినప్పుడు గొప్పగానే అనిపించింది.

“ఏం చెప్పేదుండె అక్కా?” అంది రామి.

“పత్తి ఇరుక్కుంటె మిషిన్ ఆపుతరు గద. మళ్ల స్విచ్ ఏసేటోడు ‘చేతులోయ్’ అని కేకెయ్యాలె. ఆడోళ్లందరం చప్పట్లు కొట్టాలె. రెండు చేతులు బయట ఉన్నయని గదే గుర్తు. చప్పట్లు ఇనకుండ ఎవ్వలు స్విచ్ ముట్టరు. గిది యాడ రాసి లేదు బిడ్డా, పాతోళ్లు కొత్తోళ్లకు చెప్పుకుంట వస్తున్నరు.”

“గంతేనా?”

“గంతే.”

రామి కట్టువైపు చూసుకుంది. “గంత మాటకు నా వేళ్లు పోయినయా?”

సరోజన టిఫిను డబ్బా పక్కన పెట్టి మంచం పట్టె మీద కూర్చుంది.

“సేటు నాదే తప్పంటుండు. కునుకు తీసి చెయ్యి పెట్టిన్నట. పైస గూడ ఇయ్యనన్నడు” అంది రామి.

“అననీ. రేపు లేబర్ ఆఫీసరు వస్తడట. పని నేర్పకుండ మిషిన్ మీద నిలబెట్టిండ్రని నేను చెప్త. నేర్పద్దన్నది నేనే అని గూడ చెప్త. నన్నేం చేసుకున్నా సరే. కానీ స్విచ్ ఏసినోణ్ణి ఇడువ. కండ్లు యాడ పెట్టుకున్నడు వాడు? వాణ్ణి జైలుకు పంపుత!”

“ఆయన్నేం అనకక్కా. ఆయన గూడ నా లెక్కనే కొత్తోడు. ఆయనకు మాత్రం ఎవలు చెప్పిండ్రు?” రామి ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంది. “రోజు వచ్చి, గీ మంచం కాడ కూసోని ఏడ్చి పోతడు. ఇంట్ల గడుస్తలేదని, పెండ్లానికి తెల్వకుండ పనికొచ్చిండట.”

“పేరేంది?” అంది సరోజన, పళ్లు నూరుతూ.

“ఉప్పలయ్యట, బస్సు డ్రైవరు.”