ఎక్కడికని అడిగే గేటు

సోలార్ ప్యానెళ్లు బాగుచేసే పనిమీద విజయనగరం నుంచి కచ్ ఎడారికి వచ్చిన అప్పలనరసమ్మను క్యాంపు గేటు అడిగింది: "ఎక్కడికి వెళ్తున్నారు?" ఈ రోజుల్లో ఏ తలుపూ అడక్కుండా తెరుచుకోదు.

ఆమె వెనక్కి వెళ్లి, గట్టుమీద కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరింది. గేటు మళ్లీ అడిగింది. ఆమె మళ్లీ వెళ్లి కూర్చుంది.

నాలుగో గ్లాసుకి గేటు తెరమీద సూపర్‌వైజరు కనిపించాడు. ఆయన గుజరాతీలో కసిరితే గేటు తెలుగులో మర్యాదగా చెప్పింది: "జవాబివ్వకపోతే మిమ్మల్ని ఇవాళే ఇంటికి పంపేస్తారు."

"బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారేటండి? మా ఊళ్లో చిన్నపిల్లలైనా అడగరు."

"అది మీ నమ్మకం. ఇది మీ భద్రత కోసం," సూపర్‌వైజరు మాటని గేటు తెలుగులో చెప్పింది.

అప్పలనరసమ్మ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "భద్రతా? పోయిన వారం మా పైడమ్మనీ ఈ గేటు ఇలాగే అడిగింది. ప్యానెళ్ల ఏడో వరుసకని చెప్పింది పాపం. అక్కడే ఎండకి పడిపోయింది. రోజంతా ఒక్కరైనా ఎల్లి చూసారేటి? మర్నాడు మేం ఎల్లేసరికి పేనం లేదు."

ఆమె వెనక గేటు దాటడానికి నిలబడ్డ పదకొండు మంది పనివాళ్లూ ఒక్కొక్కరే వచ్చి గట్టుమీద కూర్చుని, నీళ్లసీసాల మూతలు తీశారు.

చాలాసేపటికి గేటు ఏమీ అడక్కుండానే తెరుచుకుంది.

అప్పలనరసమ్మ పనిసంచి భుజాన వేసుకుని, దాటుతూ తెరవైపు చూసింది. "పొద్దున్న అడగొద్దనండి. సాయంత్రానికి నాను తిరిగి రాకపోతే, అప్పుడడగమనండి, ఎక్కడికెల్లిందని."