ముందు సీటు

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పిన చోట దిద్దుకుని చదవండి. ఇంత చిన్న కథకే పదకొండు రోజులు పట్టింది.

"పెద్ద రేడియేటరా, ఇంకో ఫ్యానా, గేరుబాక్సుకి ఆయిల్ కూలరా? ఏదో ఒకటి తేల్చు బావా. మా అక్కని చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా నువ్వింత ఆలోచించలేదు," అన్నాడు మెకానిక్.

"అప్పుడే ఆలోచించాల్సింది," అన్నాడు డ్రైవర్, బానెట్ లోంచి తల ఎత్తకుండానే.

అతనిది చెడిపోయిన బళ్ళను లాక్కొచ్చే బండి. ఖాళీగా తిరిగితే చల్లగానే ఉంటుంది. వెనక ఇంకో బండిని తగిలించుకుని కొండ ఎక్కితే చాలు, వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పోతుంది.

"పెద్ద రేడియేటర్ వేసేద్దాం. పీడా పోతుంది."

"బరువుతో ఎక్కేటప్పుడు మనిషి నడకే కదరా. ఎదురుగాలి ఏది? లాగే ఫ్యాను లేకపోతే ఎంత పెద్దది వేసినా దండగ."

"అయితే ఫ్యానే."

"గేరుబాక్సు వేడి కూడా రేడియేటర్ నీళ్ళలోకే దిగుతోంది. దానికి వేరే కూలర్ ఉంటే రేడియేటర్‌కి ఊపిరాడుతుంది."

"అంటే రెండూ."

"రెండూ. సాయంత్రానికి అయిపోతుందా?"

మెకానిక్ పానా అందుకున్నాడు. అప్పుడే డ్రైవర్ ఫోన్ మోగింది.

కొండ దారి మధ్యలో అంబులెన్స్ ఆగిపోయింది. లోపల గుండెనొప్పి మనిషి, ఆక్సిజన్ మీద ఉన్నాడు. దించడానికి వీల్లేదు. ఇంకో అంబులెన్స్ రావడానికి రెండు గంటలట. ఆసుపత్రి కొండకు అవతల.

"మిట్టమధ్యాహ్నం, ఈ ఇంజిన్‌తో అంబులెన్స్‌ని పైదాకా లాగలేవు బావా. మరిగి మధ్యలో ఆగిపోతుంది."

"ఆగనివ్వనులే," అని డ్రైవర్ బానెట్ మూసేశాడు.

అతను వెళ్ళేసరికి రోగి భార్య రోడ్డు మీద నిలబడి ఉంది. ఆమె బడిలో టీచరమ్మ. పక్కన ఎనభై ఏళ్ళ అత్తగారు.

డ్రైవర్ గొలుసులు బిగించాడు. అంబులెన్స్ ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. అంబులెన్స్ డ్రైవర్ పక్క సీట్లోకి ఆ ఎత్తు ముసలావిడ ఎక్కలేదు. వెనక స్ట్రెచర్ పక్కన ఒక్క మనిషికే చోటు.

"మా అత్తగారిని నీ పక్కన కూర్చోబెట్టుకో బాబూ. ముందు సీటు ఖాళీయే కదా."

"వద్దమ్మా. అక్కడ వేడిగా ఉంటుంది."

"ఇక్కడ మంచు కురుస్తోందా?"

అతను వెళ్ళి అంబులెన్స్ వెనక తలుపు తీశాడు.

"కింద దుప్పటి పరిచి కూర్చోబెట్టండి. కిటికీలు తెరిచి ఉంచండి."

"ముసలావిడ కూర్చుంటే నీ సీటు మాసిపోతుందా?"

"టైము పోతోందమ్మా, ఎక్కండి."

ముసలావిడ కొడుకు కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది. ప్రతి మలుపులోనూ ఆమె తల గోడకు కొట్టుకుంటుంటే టీచరమ్మ డ్రైవర్‌ని తిట్టుకుంటూనే ఉంది.

బండి నత్తలా ఎక్కింది. ఎక్కడా ఆగలేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర స్ట్రెచర్ దించారు. దాని వెనకే వెళ్తున్న టీచరమ్మ ఒక్క క్షణం డ్రైవర్ కిటికీ దగ్గర ఆగింది.

"నీ సీటు నలగలేదు కదా? చూసుకో."

అతని ముఖం కందిపోయి ఉంది. ఏదో అనబోయి, లోపలికి వెళ్ళమని చేత్తో సైగ చేశాడు.

మాట పడ్డందుకు కోపం వచ్చిందనుకుంది ఆమె. వెనక్కి చూడలేదు.

భర్త బతికాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్ళమన్నారు డాక్టర్లు.

"ఎంతైనా నా కొడుకుని చేర్చినవాడు. వెళ్ళి ఒక మంచి మాట చెప్పి రావే," అంది అత్తగారు, ఇంటికి వచ్చాక.

"చెప్తాను. సీటు సంగతి కూడా అడుగుతాను."

మెకానిక్ షెడ్డు తలుపు సగమే తెరిచి ఉంది. బండి లోపలే ఉంది. మెకానిక్ దాని పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఫ్యాను, కూలర్ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"డ్రైవర్ ఏడి బాబూ? మా ఆయన లేచి కూర్చున్నారని చెప్దామని వచ్చాను. మా అత్తగారిని ముందు సీట్లో ఎందుకు కూర్చోనివ్వలేదో కూడా అడగాలి."

మెకానిక్ తల పైకెత్తాడు.

"మిమ్మల్ని దించిన చోటే పోయాడమ్మా. స్టీరింగ్ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడనుకున్నారట అందరూ. వడదెబ్బ అన్నారు."

"బండిలో కూర్చున్న మనిషికి వడదెబ్బేమిటి?"

అతను లేచి బండి తలుపు తీశాడు. హీటర్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది.

"ఇంజిన్ మరగబోతుంటే హీటర్ పూర్తిగా వేస్తే, ఆ వేడి కొంత ఈ సీట్ల మీదికి వచ్చేస్తుంది. ఇంజిన్ తట్టుకుంటుంది. గంటా పావు అలా కూర్చున్నాడు మా బావ."

టీచరమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"మీ అత్తగారు ఇందులో పావుగంట కూడా బతికేవారు కాదమ్మా."

ఇట్లు,
ఆ డ్రైవర్ భార్య. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉంటున్నది టీచరమ్మ గారింట్లో, వాళ్ళ అత్తగారు ఉండిన గదిలో.