తల్లులు నమ్మిన కోచ్

"ఆ బ్యాగు కొంచెం తీస్తారా అమ్మా? పై మెట్టు దాకా ఎక్కలేను."

మార్లా బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. పెద్దాయన పక్కన కూర్చున్నాడు.

అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో ఓ చిన్న ఊరి హైస్కూలు జిమ్ అది. శుక్రవారం బాస్కెట్‌బాల్ ఆట కావడంతో ఊరంతా అక్కడే ఉంది.

"రెఫరీ, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" ఎవరో అరిచారు. జిమ్ గొల్లుమంది.

అందరి కళ్లూ టెరెల్ బ్రిగ్స్ మీదే. ఆరడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడు. వాణ్ణి తమ జట్టులోకి తీసుకుపోదామని నాలుగు కాలేజీల కోచ్‌లు ముందు వరసలో కూర్చున్నారు. ఆ చివర లాటిమర్.

మార్లా వచ్చింది లాటిమర్ కోసమే.

"పేపరా?" పెద్దాయన ఆమె నోట్‌బుక్ వైపు చూశాడు.

"అవునండీ. కోచ్ లాటిమర్ ఎంత గొప్పవాడో తేల్చి రాయమన్నారు."

"ఎలా తేలుస్తారు?"

"గెలిచిన ఆటలు ఆరు వందల పన్నెండు. టైటిళ్లు మూడు. ఎన్‌బీఏకి వెళ్లినవాళ్లు పద్నాలుగు మంది."

"అంతేనా?"

"ఒక్కటే అంతుపట్టడం లేదు. ఆయన కాలేజీ చుట్టూ మొక్కజొన్న చేలే. పెద్ద పెద్ద కాలేజీలు పిలుస్తున్నా, ఏటా ఓ మంచి ఆటగాడు అక్కడికే పోతాడు. ఎందుకంటారు?"

"పిల్లల్ని కాదు, వాళ్ల అమ్మల్ని అడగండి."

ఆమె నవ్వింది.

"ఆట అయ్యాక ఓ కాఫీ తాగుదామా? ఆయన గురించి మీకొకటి చెప్పాలి" అన్నాడు.

మార్లా తలూపింది. ఇలాంటి అభిమానులు ప్రతి జిమ్‌లోనూ ఉంటారు. దొరికితే వదలరు.

బజర్ మోగగానే ఆమె లాటిమర్ వైపు పరుగెత్తింది. కాఫీ సంగతి గుర్తే లేదు.

"పిల్లలు మీ దగ్గరికే ఎందుకొస్తారు కోచ్?"

లాటిమర్ కోటు తొడుక్కుంటూ ఆమె వైపు తిరిగాడు.

"నిజం చెప్పమంటారా? నాకూ తెలీదు. వాళ్లింట్లోంచి బయటికొస్తూ, ఇక వీళ్లు రారులే అనుకుంటాను. వారం తిరక్కుండా సరేనని ఫోనొస్తుంది."

ఆయన రహస్యమంతా డిఫెన్స్‌లోనే ఉందని మార్లా రాసింది. ఎడిటర్ మెచ్చుకున్నాడు.

ఏప్రిల్‌లో టెరెల్ లాటిమర్ కాలేజీకే ఆడతానని సంతకం చేశాడు.

మార్లా ఉండబట్టలేకపోయింది. కారేసుకుని వాళ్లింటికి వెళ్లింది.

"వద్దనే అనుకున్నానమ్మా" అంది టెరెల్ తల్లి యోలాండా. "కోచ్ గంటసేపు మాట్లాడినా మనసొప్పలేదు. మర్నాడు ఓ పెద్దాయన తలుపు కొట్టాడు. ఎల్డన్ ప్రూయిట్ అన్నాడు. ఆ రోజు ఆటలో మీ పక్కన కూర్చుంటే చూశాను, ఆయనే."

"ఏం చెప్పాడు?"

"'ఆటలో లాటిమర్ ఎంత మొనగాడో నాకనవసరం. మీవాడికి ఏమన్నా అయితే మంచం పక్క నుంచి కదలడు. ఆ తర్వాత కూడా మిమ్మల్ని మర్చిపోడు. ధైర్యంగా పంపండి' అన్నాడు. ఏళ్ల తరబడి ఇలాగే ఇంటింటికీ తిరుగుతున్నాడట."

"కోచ్ పంపిస్తున్నాడా?"

"నేనూ అదే అడిగా. 'ఆయనకి తెలిస్తే వెళ్లనివ్వడు, చెప్పకండి' అన్నాడు."

మార్లా గబగబా నోట్‌బుక్ తీసింది. "ఆయన ఎక్కడుంటాడు?"

"పోయిన మంగళవారం చనిపోయాడమ్మా. నిద్రలోనే."

మార్లా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఆయనెవరో మీకు చెప్పలేదా?" యోలాండా అడిగింది.

"నేను... ఆగి వినలేదు."

యోలాండా ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఇరవై ఆరేళ్ల కిందట, కోచ్ లాటిమర్ ప్రాక్టీసు చేయిస్తుంటే పరిగెడుతూ పరిగెడుతూ గుండె ఆగి కూలిపోయి, మూడోరోజు ఆస్పత్రిలో చనిపోయాడు ఓ కుర్రాడు. ఈయన వాడి నాన్న."