పన్నెండు చుట్లు

"కాస్త జరుగు, మీద పడుతున్నావు."

రేపల్లె పాసింజరు తెనాలిలో కదలకముందే కృష్ణకాంత్ పక్కనున్న ముసలామెను కసిరాడు.

ఆవిడ గుడ్డసంచీ ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు ఒదిగింది.

కృష్ణకాంత్‌కి ముక్కు మీదే కోపం. ఆ రోజు దానికి కంగారు తోడైంది. రేపల్లెలో చిన్నతాత పూర్ణచంద్రరావుకి ఇవాళో రేపో అన్నట్టుంది. చూపు ఎప్పుడో పోయింది, చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. "అన్నయ్య గడియారం చప్పుడు ఒక్కసారి వినిపించండ్రా" అన్నది ఆయన ఆఖరి కోరిక.

ఆ జేబు గడియారం ఇప్పుడు కృష్ణకాంత్ కోటులో ఉంది. ఆర్నెల్ల కిందట తాత బసవపున్నయ్య పోయాక అతనికి దక్కింది. తెనాలి ఎండలో కోటు తొడిగేది ఆ వెండి గొలుసు నలుగురికీ కనబడాలనే.

ఎదుటి సీటాయన అడగనే అడిగాడు.

"పాతకాలందాండీ?"

"మా ముత్తాత మద్రాసులో కొన్నాడండి. అప్పట్లో చేతికి కట్టుకునేది ఆడవాళ్ల గడియారం. మగాడైతే ఇదిగో, ఇలా జేబులోంచి తీసి, మూత తెరిచి చూడాలి."

మూత టప్పున తెరిచి చూపించాడు.

"వందేళ్లు దాటింది. ఒక్కసారి కూడా రిపేరు ఎరగదు!"

ముసలామె తల వంచి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నది.

"దీని నడక బాగాలేదు బాబూ."

"ఏంటి?"

"స్ప్రింగు అలిసిపోయిందండి. కీ ఇచ్చేటప్పుడు పన్నెండు చుట్లకి ఆపెయ్యండి."

ఎదుటాయన పకపకా నవ్వాడు. కృష్ణకాంత్‌కి తిక్క రేగింది.

"గడియారం సంగతి నువ్వు చెబితే నేను వినాలా? ఇదేమన్నా మీ ఇంట్లో రుబ్బురోలనుకున్నావా?"

ఆవిడ మొహం ముందే పెట్టి కీ తిప్పడం మొదలెట్టాడు.

"పది. పదకొండు. పన్నెండు. చూస్తున్నావా? పదమూడు."

"వద్దు బాబూ."

"పద్నాలుగు!"

లోపల ఏదో పుటుక్కుమంది. సెకన్ల ముల్లు నిలబడిపోయింది.

"నీ పాడు నోరు పడ! దిష్టి పెట్టావు కదే!"

ఆవిడకు ఆ తిట్టు వినబడినట్టే లేదు. ఆగిపోయిన గడియారం వైపే చెయ్యి చాపింది. వేలికొస మూతకు తగిలింది.

"ఇటివ్వండి బాబూ. వేమూరులో నాతో దిగండి. గంటలో..."

"దిగాలంట! ఎందుకూ, గొలుసు కొట్టెయ్యడానికా?"

"నా పేరు రాహేలండి. ఈ గడియారం..."

"నీ పేరెవడడిగాడు?"

కృష్ణకాంత్ జేబురుమాలు తీసి, ఆవిడ వేలు తగిలినచోట గట్టిగా తుడిచాడు. ఇంకో మాట మాట్లాడితే రైల్వే పోలీసులకి పట్టిస్తానన్నాడు. పెట్టెలో ఒక్కరూ ఆవిడ పక్షాన నోరెత్తలేదు.

వేమూరులో రాహేలు దిగింది. దిగినా వెళ్లిపోక, ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీ ఊచలు పట్టుకుంది.

"ఇంక తిప్పకండి బాబూ. లోపల చక్రాల పళ్లు విరుగుతాయి."

కృష్ణకాంత్ షట్టరు దభాలున కిందికి దించాడు.

రేపల్లెలో చిన్నతాత మంచం పక్కన కూర్చున్నాడు. ఏ దేవుడో కరుణించి అది కొట్టుకోకపోతుందా అనుకుంటూ గడియారాన్ని ఆయన చెవికి ఆనించాడు.

పూర్ణచంద్రరావు చాలాసేపు ఊపిరి బిగబట్టి విన్నాడు.

"చచ్చిన గడియారం తెచ్చావేంట్రా?"

"రైల్లో ఒక దరిద్రపు ముసల్ది దిష్టి పెట్టింది తాతయ్యా. లేకపోతే వందేళ్లుగా రిపేరు ఎరగని గడియారం..."

"రిపేరు ఎరగని గడియారం ఉంటుందట్రా, వెర్రి వెధవా!" ఆ నీరసంలోనూ పెద్దాయన గొంతు లేచింది. "నన్ను చూడ్డానికని ఇంట్లో చెప్పి, ఏటా ఉగాదికి ముందు మీ తాత వేమూరులో దిగేవాడు. దీన్ని బాగు చేయించుకుని, అప్పుడు నా దగ్గరికి వచ్చేవాడు."

వేమూరు పేరు వినగానే కృష్ణకాంత్ ముందుకు వంగాడు.

"ఎవరి దగ్గర తాతయ్యా?"

"పేరు చెప్పేవాడు కాదు. చెబితే మీ నాయనమ్మ ఈ గడియారాన్ని మళ్లీ గడప తొక్కనివ్వదట. ఆ చేతులున్నంత కాలం ఇది ఆగదురా తమ్ముడూ అని మాత్రం అనేవాడు."

ఆయన ఆయాసపడుతూనే తడిమి, గడియారం మీద వేలు పెట్టాడు.

"వెనక మూత తియ్యి. బాగు చేసినవాళ్లు లోపల తేదీ వేసి, పేరు గీస్తారు. ఆ మనిషెవరో చూసి, వెళ్లి పిలుచుకురా. నాకు అట్టే టైము లేదురా."

కృష్ణకాంత్ చాకుమొనతో వెనక మూత లేపాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆ మూత తియ్యడం అదే మొదటిసారి.

వెండి మీద సూదితో గీసిన సన్నటి అక్షరాలు, వరసగా నలభై ఒక్క తేదీలు. ఒక్క ఏడాదీ తప్పలేదు.

"చదవరా" అన్నాడు పూర్ణచంద్రరావు.

ప్రతి తేదీ పక్కనా, రైల్లో అతను ఎవడడిగాడన్న పేరే ఉంది... రాహేలు.