మధ్యలో ఆగని విమానం

"మా పుట్టింటికి ఒక్క టికెట్టివ్వు బాబూ. వెళ్ళడానికే, రావడానికి అక్కర్లేదు," అంది ఆవిడ, ట్రావెల్స్ కౌంటరు మీద చేతిసంచీ దబ్బున పెట్టి.

వెనకాలే ఆవిడ పెట్టె మోసుకొచ్చిన టైలరు మొగుడు మూతి ముడుచుకుని నిలబడ్డాడు. కొత్త జాకెట్టు బిగుతైందని ఆవిడంటే, కొలత తప్పలేదు, నువ్వే లావయ్యావన్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

క్లర్కు ఊరి పేరు అడిగి కంప్యూటర్లో చూశాడు. "రైల్లో పద్నాలుగు గంటలమ్మా. విమానంలో అయితే గంటే."

"విమానానికే ఇచ్చెయ్యండి!" అన్నాడు టైలరు బింకంగా. "ఆ రైళ్ళని నమ్మేది లేదు. ఇదివరకు మూడుసార్లు ఇలాగే అలిగి బయల్దేరింది. మూడుసార్లూ సగం దారిలో ఇంజను చెడిపోయి, పాపం, వెనక్కొచ్చేసింది!"

క్లర్కు తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఆవిడ గోడ మీది విమానం బొమ్మ వంక చూస్తోంది.

"ఇది మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా బాబూ?" అనడిగింది. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"ఆగదమ్మా. ఎక్కితే ఇక మీ పుట్టింటి ఊళ్ళోనే దిగడం."

"మరీ గంటకే చేరిపోతే ఎలాగ?" అని గొణిగింది.

టైలరు ఆవిడ మొహంలోకి చూశాడు. చెడిపోయిన మూడు ఇంజన్లూ ఒక్కసారిగా అతని కళ్ళముందు బాగుపడిపోయాయి.

పెట్టె కింద పెట్టి, కౌంటరు మీదికి వంగాడు.

"రైలుకే ఇవ్వండి సార్," అన్నాడు మెల్లగా. "అదీ, ఇంజను చెడిపోయే బండి చూసి ఇవ్వండి."