ఎర్రలోయలో పెళ్లిచూపులు

యూటాలోని ఆ ఎర్రలోయ చూడాలంటే హైవే దిగి గంటసేపు మట్టిరోడ్డు మీద వెళ్లాలి. ఫోన్ సిగ్నల్ లేదు, షాపూ లేదు. రెండు రాతిగోడల మధ్య మనిషి పట్టేంత సందు. పైనుంచి ఎండ జారి గోడలు కుంకుమరంగులో వెలుగుతున్నాయి.

అంత అందం చుట్టూ ఉన్నా రాజేశ్వరమ్మ చూపు దాని మీద నిలవడం లేదు. కారణం ముందు నడుస్తున్న హర్షవర్ధన్.

ఇవి పెళ్లిచూపులు. "హోటల్లో కాఫీ తాగితే మనిషి తెలుస్తాడా? ఒకరోజు కలిసి తిరిగి చూడండి" అన్నాడు హాసిని తండ్రి. ఫ్రిస్కో నుంచి పెళ్లికొడుకు, క్యారీ నుంచి పెళ్లికూతురు వచ్చారు. పెద్దదిక్కుగా రాజేశ్వరమ్మ ఒక్కతే. సాయంత్రం మోటెల్‌కి చేరగానే హాసిని ఫోన్ చేసి, అవునో కాదో తండ్రికి చెప్పెయ్యాలి.

ఉద్యోగం, గ్రీన్‌కార్డు, సొంతిల్లు... పిల్లాడికి వంక పెట్టడానికి లేదు. పైన పటారం, లోన లొటారం!

పులిహోర తిన్న పేపర్ ప్లేటును రాతి పగుల్లోకి కుక్కాడు. "ఇక్కడెవడు చూస్తాడు?" అని నవ్వాడు. కారు తాళంచెవితో గోడ మీద తన పేరు గీకాడు. ఎన్ని లక్షల ఏళ్లదో ఆ రాయి, పొడిపొడిగా రాలింది.

"ప్లీజ్, అలా చేయకండి" అంది హాసిని.

"చిల్ అవ్వు. నీ పేరు కూడా రాస్తాలే."

ఛీ, ఏం మనిషి! రాజేశ్వరమ్మ హాసిని మొహంలోకి చూడలేక తల తిప్పుకుంది.

తిరుగుదారిలో ఇక ఒక్క నీళ్ల సీసానే మిగిలింది. అదీ హాసినిది. గొంతెండిపోతున్నా ఆ పిల్ల, "ముందు మీరు తాగండి ఆంటీ" అని రాజేశ్వరమ్మకు అందించింది. ఆవిడ మూత తీసేలోగా హర్షవర్ధన్ లాక్కున్నాడు. ఎంగిలి చేసి గటగటా తాగాడు. పుక్కిలించి గోడ మీద ఉమ్మాడు. మిగిలిన నీళ్లు తన తెల్ల బూట్లకంటిన మట్టి మీద పోసుకున్నాడు.

"కొత్తవి. స్టెయిన్ పడితే పోదు."

గోడ మీంచి ఉమ్ము జారుతుంటే చూడలేక రాజేశ్వరమ్మ కళ్లు మూసుకుంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. ఇక్కడ కుండంతా బోర్లాపడింది.

అతను సెల్ఫీల కోసం ముందుకెళ్లిపోయాడు. హాసిని ఒక రాయి మీద కూలబడింది.

"నాన్నకి ఏం చెప్పాలో తెలీట్లేదు ఆంటీ. అందరూ మంచి సంబంధం అంటున్నారు. నేనే ఓవర్‌గా థింక్ చేస్తున్నానేమో."

రాజేశ్వరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఈ మాట బయటపడితే ఇంట్లో ఎంత రభస అవుతుందో ఆవిడకు తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"వద్దని చెప్పమ్మా... వాణ్ణి కన్నదాన్ని, నేనే చెబుతున్నాను."