చెక్కగోడకు చెరోవైపు

టకటక, టకటక, టక్. గోడకు అవతల టింగ్. అవతల టకటక. ఇవతల టింగ్.

టేబుల్ కింద దూరి కేబుల్ లాగుతున్న నెట్‌వర్క్ అమ్మాయికి పొద్దుటి నుంచీ అదే పాట.

ఇళ్ళకు ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు అది. ఆరు కంప్యూటర్లు పద్నాలుగు కావాలి. వాటన్నిటినీ కలిపే పాత స్విచ్ పోయి కొత్తది రావాలి. రెండు రోజుల పని. ఇది నాలుగో రోజు.

"ముందుగదిలో సారు, వెనకగదిలో మేడం," అంది రిసెప్షనిస్టు, కుర్చీలోంచి వంగి. ఆమె చేరింది సోమవారమే. ఆఫీసు చరిత్ర మాత్రం పూర్తిగా తెలుసు. "తుమ్మితే వినిపించే గోడ. అయినా కబురంతా కంప్యూటర్లోనే. నాలుగేళ్ళట, నోటిమాట లేక! ఫోన్లలో ఒకరి నంబరొకరు తీసేశారట కూడా. ఒకే కారులో వస్తారు, ఒకే కారులో పోతారు. దారిలో ఏం చేస్తారో!"

"రేడియో పెట్టుకుంటారు."

"ఏదో తలుపు ఎటు తెరుచుకోవాలన్న దగ్గర మొదలైందట."

"తలుపు కాదు, కిటికీ."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాను."

అయిదింటికల్లా ఆసుపత్రి ప్లాను పంపాలి. నిమిషం దాటినా పని చెయ్యి జారుతుంది. ఆ పని జారితే కొత్త కంప్యూటర్లే కాదు, పాత ఆరూ అనవసరం. తేలవలసింది ఒక్కటే: మెట్ల వెడల్పు. సారు ఆరడుగులంటాడు. మేడం ఏడంటుంది.

నాలుగుంబావుకు కనెక్టర్లు చాల్లేదని నెట్‌వర్క్ అమ్మాయి రిసెప్షనిస్టును కొట్టుకు పంపింది. ప్లాన్లు గీసేవాళ్ళు సైటులో ఉన్నారు.

నాలుగున్నరకు టింగ్ ఆగిపోయింది.

సారు బయటికి వచ్చాడు. "ఏమైంది?"

"రెండు గదుల మధ్య లైను పోయింది. బయటికి పంపే లైను బాగానే ఉంది. చూస్తున్నా."

"ఎంతసేపు?"

"చెప్పలేను."

"రెండు రోజుల పని నాలుగు రోజులు చేశావు."

"తొందరపడితే తీగలు చిక్కుపడతాయి."

సారు చీటీ రాశాడు. తీసుకెళ్ళే మనిషి లేడు. వంగి టేబుల్ కిందికి చాచాడు. "ఇది లోపల ఇవ్వు."

"చేతులు ఖాళీ లేవు."

వెనకగది తలుపు కొంచెం తెరుచుకుంది. ఓ చీటీ పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది. కాసేపు గాలిలో ఆగింది. లోపలికి పోయింది.

అయిదుకు నాలుగు నిమిషాలు. సారు చెక్కగోడ ముందు నిలబడ్డాడు. టై సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. గోడకు అవతల కుర్చీ కిర్రుమంది.

మూడు నిమిషాలు.

నాలుగున్నరకు తన చేత్తో తానే ఊడదీసిన తీగను పిడికిట్లో పట్టుకుని, టేబుల్ కింద ఊపిరి బిగబట్టి కూర్చున్న కూతురికి, నాలుగేళ్ళ తరువాత మళ్ళీ నాన్న గొంతులో అమ్మ పేరు వినిపించింది: "మందాకినీ!"